ముందు మియా రిపోర్టు చూపించండి

పాములపాడులో ఈమధ్య ఒక ఇంట్లో నా చేతికి ఒక ఫైలు ఇచ్చారు. "పేపర్లో పనిచేస్తావు, పెద్ద డాక్టర్లు తెలిసుంటారు, ఎవరి దగ్గరికి పోవాలో చెప్పు బేటా" అని ఆ ఇంటి పెద్దామె అడిగింది. ఊరి పేరు చెప్పాను గానీ ఇల్లు చెప్పను. అలాంటి ఇళ్లు మన వైపు ప్రతి మొహల్లాలో ఉన్నాయి.

ఫైలు బరువుగానే ఉంది. ఆత్మకూరులో తీసిన స్కానింగులు, నంద్యాలలో హార్మోన్ పరీక్షలు, కర్నూలులో ట్యూబుల ఎక్స్‌రే, పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో లోపల చూసిన రిపోర్టు. నిఖా అయి ఆరేళ్లు. బహూకు ఇరవై ఆరేళ్లు. అన్నీ నార్మల్. మొదటి కాగితం నుంచి ఆఖరి కాగితం దాకా ఆ అమ్మాయివే. దూల్హేమియా పేరు మాత్రం "వైఫ్ ఆఫ్" అన్న మాట తర్వాత కనిపిస్తుంది, అంతే.

"మీ అబ్బాయి పరీక్ష ఏది ఖాలా?" అని అడిగితే ఇల్లంతా చుప్. కాసేపటికి ఖాలానే అంది: "వాడికేం బేటా, మర్ద్ కదా."

ఈ "మర్ద్ కదా" మీదే నా ఝగడా.

పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను. రెండు జబాన్లూ నాకు రోటీ పెట్టాయి. పిల్లలు పుట్టని ఆడదాన్ని పొడవడానికి ఉర్దూలో బాంఝ్ ఉంది, తెలుగులో గొడ్రాలు ఉంది. పెళ్లిలో హల్దీ పళ్లెం ఆమె చేతికి ఇవ్వకుండా చేయడానికి ఆ ఒక్క మాట చాలు. మరి మగాడికి? నామర్ద్ అంటారు. కానీ నామర్ద్ అంటే పడకలో చేతకానివాడు. అది వేరే జబ్బు. పడకలో అంతా బాగుండి, వీర్యంలో కణాలు లేనివాడికీ, ఉన్నా కదలనివాడికీ జనం నోట్లో పేరే లేదు. పేరు లేదు కాబట్టి ఆ జబ్బే లేదనుకున్నారు. డాక్టర్ "మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి" అంటే నన్ను నామర్ద్ అంటున్నాడని కుర్చీలోంచి లేచిపోయే మగాళ్లను నేను చూశాను.

ఖురాన్‌లో ఈ ఫరఖ్ లేదు. సూరె షూరా 49, 50 ఆయతులు తీసి చూడండి. అల్లాహ్ కొందరికి కూతుళ్లను, కొందరికి కొడుకులను, కొందరికి ఇద్దరినీ ఇస్తాడనీ, తాను తలచినవాళ్లను అఖీమ్‌గా ఉంచుతాడనీ అక్కడ వస్తుంది. తలచినవాళ్లను అంటే ఆడవాళ్లనే అని ఎవరు చెప్పారు మనకు? ఆ తర్జుమా మన సాస్‌లూ నంద్‌లూ చేసుకున్నది.

ఇక సైన్స్ సంగతి. మా స్కూల్లో ఆ పాఠం వచ్చినప్పుడు సార్ నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్నాడు. ఇంటి దగ్గర ఎవరు చదువుతారు? అందుకని ఇక్కడ సాఫ్‌గా చెప్పుకుందాం, సిగ్గుపడే పనేం లేదు. నుత్ఫా మాట అల్లాహ్ కితాబులోనే ఉంది.

వీర్యం వేరు, వీర్యకణాలు వేరు. బయటికి వచ్చే ద్రవంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్ గ్రంథి, దాని పక్కనున్న సంచులు తయారుచేసే నీరు. కణాల వాటా అందులో బహుత్ కమ్. అందుకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న మగాడికి కూడా కంటికి ఏ తేడా కనిపించదు. చిక్కగా ఉందా పల్చగా ఉందా అని చూసి "నాకేం లేదు" అనుకోవడం, సీల్ తీయని కవరును తడిమి చూసి లోపల ఉత్తరంలో ఏముందో చెప్పడం లాంటిది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాల్సిందే.

అక్కడ చూసేవి ముఖ్యంగా మూడు: ఎన్ని కణాలు, ఎన్ని కదులుతున్నాయి, ఎన్నింటి ఆకారం సరిగ్గా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ఆరో ఎడిషన్ పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకు కోటి 60 లక్షలు, మొత్తం మీద 3 కోట్ల 90 లక్షలు, కదిలేవి 42 శాతం, వాటిలో ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం. ఇవి కింది హద్దులు. నాలుగు శాతమేనా అని గాబరా పడొద్దు, మగాళ్లందరిలోనూ ఎక్కువ కణాలు వంకరటింకరగానే ఉంటాయి. పెళ్లాలకు ఏడాదిలోపు గర్భం నిలిచిన మగాళ్లను పరీక్షించి, వాళ్లలో అట్టడుగు ఐదు శాతం దగ్గర గీసిన గీత ఇది. గీత కింద ఉన్నవాడు బాప్ కాలేడని కాదు, పైన ఉన్నవాడు తప్పకుండా అవుతాడనీ కాదు. రిపోర్టులో ఒక అంకె తగ్గితే మౌత్ వచ్చినట్టు కూర్చోవద్దనే ఇది చెబుతున్నా.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవైపు కారణం కూడా ఉంటుందని డాక్టర్లు చెబుతారు. సగం! ఆ సగాన్ని వదిలేసి మన ఇళ్లు ఆరేసి ఏళ్లు మిగతా సగాన్నే కోసి చూస్తున్నాయి. ట్యూబుల ఎక్స్‌రే అంటే ఆ అమ్మాయికి నొప్పి. కెమెరా ఆపరేషన్ అంటే మత్తుమందు, కుట్లు. మియాకు కావలసింది ఒక చిన్న డబ్బా, కొన్ని వందల రూపాయలు, అరపూట సెలవు. ఏది ముందు చేయాలో తెలుసుకోవడానికి ఆలిమ్ కావాల్సిన పని లేదు. ఇందులో డాక్టర్ల తప్పూ ఉంది. స్త్రీల డాక్టర్ గదిలోకి మగాడిని పిలవరు, బయట బెంచీ మీదే ఉంటాడు. అతని సంగతి అడగకుండా భార్యకు నెలనెలా అండం విడుదలయ్యే మాత్రలు రాసే చిట్టీలు ఆ ఫైల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను.

"ఇప్పుడు ఐవీఎఫ్ వచ్చింది కదా, ఎలాగైనా అయిపోతుంది" అనే వాళ్లున్నారు. కాదు భాయిజాన్. కణాల నాణ్యత ఇలాజ్ దారినీ తేలుస్తుంది, ఫలితాన్నీ తేలుస్తుంది. వీర్యాన్ని కడిగి నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ చౌక, కానీ కడిగాక బాగా ఈదే కణాలు లక్షల్లో మిగలాలి. చాలా తక్కువ మిగిలితే ఆ ఇలాజ్ పైసల్ బర్బాద్. ఐవీఎఫ్‌లో ఒక్కో అండం చుట్టూ వేలకు వేలు కణాలు వదులుతారు, వాటిలో ఒకటి తనంతట తాను లోపలికి దూరాలి. అదీ చేతకాని కణాల కోసం వచ్చింది ఇక్సీ. ఒకే ఒక కణాన్ని సన్నటి సూదితో అండంలోకి దింపుతారు. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్ల బృందం ఈ పద్ధతితో పుట్టిన మొదటి పిల్లల గురించి దునియాకు చెప్పింది. అంతకు ముందు కణాలు మరీ తక్కువున్న మగాడికి డాక్టర్లు చూపించిన దారి దాదాపు ఒక్కటే, పరాయి మగాడి వీర్యం. మన షరీఅత్‌లో ఆ దారి లేదు. కాబట్టి ఇక్సీ మనకు అల్లాహ్ తెరిచిన దర్వాజా అంటే నాకు అభ్యంతరం లేదు.

కానీ సూది కణాన్ని లోపలికి దించుతుంది, కణాన్ని బాగుచేయదు. కణం తలలో బాప్ వైపు డీఎన్ఏ ఉంటుంది. పొగాకు, వేడి, ఇన్ఫెక్షన్, వయసు, షుగరు, వీటి వల్ల ఆ డీఎన్ఏ తెగి ఉండొచ్చు. పిండం మొదటి రెండు మూడు రోజులు అండంలోని సరుకు మీదే నడుస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో దాని సొంత జన్యువులు పని మొదలుపెడతాయి, అప్పుడు బయటపడుతుంది బాప్ వైపు లెక్క. మూడో రోజు దాకా చక్కగా ఎదిగిన పిండం ఐదో రోజుకు ఆగిపోవడానికి ఇదొక కారణం. డీఎన్ఏ ఎక్కువగా తెగిన కణాలున్నప్పుడు గర్భం జారే ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. రెండుమూడు సార్లు గర్భం పోయిన ఇళ్లలో ఇప్పటికీ "దీని కడుపులో నిలవదు" అనే అంటారు. అది మియా నుంచి వచ్చిన పగులు కావచ్చునని ఒక్కరికీ తట్టదు.

అల్లాహ్ కుద్రత్ చూడండి. అలా తెగిన డీఎన్ఏను కొంతవరకు కుట్టుకునే తాఖత్ అండానికి ఉంది. భార్య వయసు తక్కువుంటే ఆ తాఖత్ ఎక్కువ. ఐవీఎఫ్ ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది కూడా ఆమె వయసే, 35 దాటితే అవకాశాలు వేగంగా పడిపోతాయి. అంటే మగాడు ఇజ్జత్ పేరుతో పరీక్షను వాయిదా వేసుకునే ఒక్కో ఏడాదీ ఆమె ఉమర్ ఖాతాలోంచి తీసి ఖర్చు పెడుతున్నాడు. తన తప్పు కప్పుకోవడానికి ఆమె పూంజీ! దీన్ని జుల్మ్ అనకపోతే ఇంకేమనాలి?

దీనికి రెండో వైపు కూడా ఉంది, మరిచిపోవద్దు. మియా రిపోర్టు బాగున్నా సరే ఇక్సీనే చేయాలని బిల్లు పెంచే సెంటర్లున్నాయి. మగవైపు లోపం లేని 1,064 జంటల మీద వియత్నాంలో చేసిన పరిశోధన 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు ఐవీఎఫ్ కంటే ఇక్సీ వల్ల కాన్పులేమీ పెరగలేదు. రిపోర్టు చేతిలో ఉంటే ఈ సవాల్ మీరే అడగొచ్చు.

ఇప్పుడు కువైట్ సంగతి. కడప, రాయచోటి వైపు అంత కాకపోయినా మన వైపు నుంచీ పోయినవాళ్లు తక్కువేం కాదు. రెండేళ్లకోసారి రెండు నెలల ఛుట్టీ. గర్భం నిలిచే రోజులు ఒక్కో నెలలో దాదాపు ఆరు. అంటే రెండేళ్ల కాపురంలో ఆ అమ్మాయికి దొరికినవి పన్నెండు రోజులు. ఏడాది పాటు ఇద్దరూ కలిసుండీ గర్భం రాకపోతేనే డాక్టర్లు సంతానలేమి అన్న మాట వాడతారు. కలిసుండకుండానే మనవాళ్లు "నాలుగేళ్లయింది, ఏమీ లేదు" అంటారు! ఆ నాలుగేళ్లూ ఆమె సాస్ దగ్గర సేమియా చేసింది భాయ్, కాపురం చేయలేదు. ఛుట్టీకి వచ్చినప్పుడు మొదటి వారంలోనే మియా పరీక్ష చేయించుకుంటే మిగిలిన రోజులకు ఒక దారి దొరుకుతుంది. అది మాత్రం చేయరు, మేనల్లుళ్ల దావత్‌లు ముందు.

కారణాలు వెతికితే కొన్ని మన చుట్టూనే దొరుకుతాయి. బీర్జాల సంచిలో నరాలు ఉబ్బే వేరికోసీల్, పరీక్షకు వచ్చే మగాళ్లలో తరచూ కనిపిస్తుంది, చాలామందికి ఆపరేషన్ పనికొస్తుంది. ఈడొచ్చాక వచ్చిన గవదబిళ్లలు. గుట్కా, బీడీ. జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, మర్దానగీ కోసం వేసుకునే ఆ మందే కణాల తయారీని ఆపేస్తుంది, ఇంతకంటే పెద్ద మజాఖ్ ఏముంది! పొలంలో మందు కొట్టేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్ అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ కార్మికులు మాటల్లో మాటగా, మనలో ఎవరికీ ఈమధ్య పిల్లలు పుట్టడం లేదేమిటని గమనించారు. పరీక్షలు చేయిస్తే చాలామందికి కణాలు బాగా పడిపోయాయి, కొందరికి అసలే లేవు. వాళ్లు తయారుచేసేది డీబీసీపీ, నులిపురుగులను చంపే పొలం మందు. ఆ మగాళ్లు నోరు విప్పారు కాబట్టి ఆ మందు సంగతి బయటికొచ్చింది. మన మగాళ్లు చాయ్ హోటల్లో బనకచర్ల నీళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు, ఈ విషయం మాత్రం జిగ్రీ దోస్త్‌కు కూడా చెప్పరు.

కొందరిది పుట్టుకతో వచ్చిన జన్యు లోపం. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మగవాళ్ల సంతానలేమికి కారణమయ్యే ఎనిమిది జన్యువులను గుర్తించామని 2022లో ప్రకటించారు. అది ఎవరి గునాహ్ కాదు, ఎవరి నజర్ కాదు.

కణాలు సున్నా అని వచ్చినా కథ అయిపోలేదు. దారి మూసుకుపోయి బయటికి రాకపోవడం వేరు, తయారీయే లేకపోవడం వేరు. మొదటి రకంలో బీర్జంలోంచి సూదితో తీసి ఇక్సీ చేస్తారు. రెండో రకంలో కూడా మైక్రోస్కోప్ పెట్టి వెతికితే దాదాపు సగం మందిలో ఎక్కడో కొన్ని దొరుకుతాయి. ఇవన్నీ భర్త సొంత కణాలే, నసబ్ మారదు. హార్మోన్ తక్కువై ఆగిపోయిన కొందరికి ఇంజెక్షన్లతోనే తిరిగి వస్తాయి.

పరీక్షకు పోని మగాడు ఎక్కడికి పోతాడో తెలుసా? బస్టాండ్ పక్క డేరాకి. గోడ మీద "ధాతుపుష్టి" అని రాసి ఉంటుంది. యునానీని నేను తక్కువ చేయడం లేదు, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుతో యునానీ మెడికల్ కాలేజీయే ఉంది, చదివిన హకీములున్నారు. డేరావాడు వేరు. ఏ రిపోర్టూ అడగకుండా వేల రూపాయల మాజూన్ చేతిలో పెట్టేవాడు హకీం కాదు. అలాగని అంగ్రేజీ దుకాణం గొప్పదనీ కాదు. కణాలకు బలమని జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు కదా, అమెరికాలో 2,370 జంటల మీద ఆరు నెలలు వాడి చూశారు. 2020లో ఫలితం వచ్చింది: కణాలూ మెరుగుపడలేదు, పిల్లలూ ఎక్కువగా పుట్టలేదు. ముందు గుట్కా మానండి, అది ముఫ్త్. కణం తయారవడానికి రెండున్నర నెలలు, బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఇవాళ మానిన అలవాటు లెక్క మూడు నెలల తర్వాత కనిపిస్తుంది. పెద్ద జ్వరం వచ్చి తగ్గినా అంతే, ఆ మూడు నెలల్లో వచ్చిన రిపోర్టు మీద ఫైసలా చేయొద్దు.

ఇక అందరూ గుసగుసలాడే సంగతి, "ఆసుపత్రిలో ఎవడిది కలుపుతారో ఏమో". 2025 జూలైలో సికింద్రాబాద్ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు బయటపడినప్పటి నుంచి ఈ భయం పెరిగింది. అద్దె గర్భంలో మీ బిడ్డే అని ఇచ్చిన పసివాడి డీఎన్ఏ తమతో కలవలేదని ఒక జంట ఫిర్యాదు చేస్తే పోలీసులు నిర్వాహకురాలైన డాక్టర్‌ను అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే అనుమతి లేకుండా వీర్యం, అండాలు సేకరిస్తోందన్న ఆరోపణ మీద ఇంకో సంస్థపై దాడి జరిగింది. నిజానిజాలు అదాలత్ తేలుస్తుంది. మనవాళ్లు దీన్నుంచి తీసుకున్న సబఖ్ ఏమిటంటే, అసలు ఆసుపత్రికే పోవద్దని! నేను ఉల్టా అంటాను. మియా తన రిపోర్టు తాను చదువుకున్న ఇంట్లో ఈ మోసం కష్టం. తన కణాలు ఎన్ని, ఎలా ఉన్నాయి అన్నది తెలియని, తెలుసుకోవడం ఇష్టం లేని మొగుడే మోసగాడికి కావలసినవాడు. "నాకేమీ చెప్పొద్దు, బిడ్డనివ్వండి చాలు" అనే మగాడు తన నసబ్ తాళం చెవి తానే ఇచ్చి వస్తున్నాడు.

దీన్ విషయంలో కన్ఫ్యూజన్ అవసరం లేదు. 1980లో ఈజిప్టు అల్ అజహర్ ఫత్వా, 1986లో అమ్మాన్‌లో కూర్చున్న ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానం, రెండూ దారి చూపించాయి: నిఖా ఖాయంగా ఉండగా భర్త కణం, భార్య అండం, భార్య గర్భం అయితే జాయిజ్. మూడో మనిషి వస్తే కాదు. షియా ఆలింలలో కొందరు డోనర్‌కు షరతులతో దారిచ్చారు, ఆ బహస్ ఇక్కడొద్దు. దేశ చట్టం కూడా మనకు పనికొస్తుంది. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణ చట్టం ప్రకారం క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, మియాబీవీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏదీ చేయకూడదు. సంతకం పెట్టే ముందు చదవండి. దాత ప్రస్తావన ఉన్న కాగితమైతే అక్కడే ఆపండి. ఎన్ని అండాలు తీశారు, ఎన్ని ఫలించాయి, ఎవరి కణాలతో అన్నది రాసిన ల్యాబు కాగితం నకలు అడిగి తీసుకోండి. మియాబీవీ ఇద్దరూ కలిసి అడగండి, బీవీ ఒక్కదాన్నే కౌంటర్ దగ్గరికి తోసేయకండి.

నా అసలు కోపం మన మొహల్లా పెద్దల మీద. పిల్లలు లేరని రెండో నిఖాకి మాట కుదర్చడానికి పరుగెత్తే పెద్దమనుషులారా, ఆ మగాడి పరీక్ష కాగితం ఒక్కసారైనా అడిగారా? మొదటి బీవీ ఫైలు మీ ముందు పెడితే తల ఊపుతారు. రెండో అమ్మాయి ఇంటికొచ్చిన మూడేళ్లకు ఆమెకూ ఏమీ కాకపోతే అప్పుడు ఇద్దరూ బాంఝ్‌లా? ఈ జిల్లాలో అలాంటి రెండిళ్లు నాకు తెలుసు. మూడో పిల్లను వెతుకుతున్నారు గానీ మైక్రోస్కోప్‌ను వెతకలేదు. పిల్లలు లేరన్న కారణంతో తలాఖ్‌కో రెండో నిఖాకో వచ్చినవాడిని, ముందు నీ రిపోర్టు తే అని అడిగే అధికారం జమాతుకు ఉంది. అడగండి. ఖులా కోసం వచ్చిన అమ్మాయి మొహం మీద తలుపేసే ముందు కూడా అదే అడగండి.

"నమూనా ఎలా ఇవ్వాలి, ఆ పని హరాం కదా" అని కొందరు దీన్ని అడ్డం పెట్టుకుంటారు. ఇలాజ్ కోసం బీవీ సాయంతో తీసుకునే సూరత్ చాలామంది ముఫ్తీలు చెప్పారు. దాని కోసం మందు కలపని ప్రత్యేకమైన తొడుగులు దొరుకుతాయి, మెడికల్ షాపు మామూలు కండోమ్ వాడితే కణాలు చచ్చిపోతాయి. మీ మౌల్సాబ్‌ను చెవిలో అడగండి, ఆయన సిగ్గుపడితే ఇంకో మౌల్సాబ్‌ను అడగండి. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా దూరంగా ఉండాలి. ఇంటి దగ్గర తీస్తే ఒంటి వేడి పోకుండా గంటలోపు ల్యాబుకు చేరాలి. పాములపాడు నుంచి నంద్యాలకో కర్నూలుకో బస్సులో గంటలో చేరేది కాదు, కాబట్టి అక్కడికే పోయి ఇవ్వండి. కాగితంలో తక్కువ వస్తే కొన్ని వారాలు ఆగి రెండోసారి చేయించాలి, ఒక్క రిపోర్టుతో ముద్ర వేసుకోవద్దు. రంజాన్ నెలలో మాత్రం పెట్టుకోకండి, పగలు నమూనా ఇస్తే రోజా పోతుంది, ఇఫ్తార్ అయ్యేసరికి ల్యాబు మూసేస్తారు. ఈద్ అయిన మరుసటి సోమవారం పొద్దున్నే బస్సెక్కండి, బీవీ ఫైలు కూడా పట్టుకుని.